ఒకరి తరఫున మరొకరు ఇచ్చే అర్జీ: శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లకు బహిరంగ లేఖ

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే అర్జీలన్నీ బాధితుల చేతుల మీదుగా రావు. డయాలసిస్‌తో నీరసించిన ఉద్దానం రోగి తరఫున కొడుకు వస్తాడు, వలసపోయిన కూలీ తరఫున భార్య వస్తుంది. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు తమ గోడు తామే చెప్పుకోలేకపోయారు; ఇంటివాళ్లే వారి కోసం తిరిగారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు.

ఇలాంటి అర్జీలో ఇద్దరుంటారు: కష్టంలో ఉన్నవారు, కాగితం తెచ్చినవారు. నమోదులో ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, వారి సంబంధం విడివిడిగా ఉండాలి. ఒక్క నంబరే ఉంటే సందేశం అర్జీ తెచ్చినవారికే పోతుంది, బాధితుడికి తెలియకుండానే అర్జీ ముగిసిపోతుంది. అది అన్యాయం. పింఛను, భూమి వివరాలను అర్జీ తెచ్చినవారికి చెప్పే ముందూ, అర్జీ మూసే ముందూ అసలు మనిషిని అడగాలి. ఫోన్ అందకపోతే గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది వారి గడప తొక్కాలి. పరాయి దేశపు జైల్లో ఉన్నవారి సంతకం కావాలని మాత్రం ఎవరినీ తిప్పి పంపకూడదు. అలాంటి అర్జీకి కుటుంబ సంబంధం చూపే రేషన్ కార్డు చాలు.