ఆత్మభక్షణము - ఆత్మరక్షణము

బెజవాడ ఆటోనగర్ వీధులలో నొకపూట తిరిగినవారికి పాతలారీ యెట్లు పునర్జన్మ మెత్తునో తెలియును. అరిగిన బండిని విప్పుదురు. పనికివచ్చు ఇంజను, గేరుబాక్సు, కమానుపట్టీలు వేఱొక బండి కెక్కును. పనికిరాని యినుము తుక్కుగా పోయి, కొలిమిలో కరగి, క్రొత్త యినుమై తిరిగివచ్చును. మన శరీరమందలి జీవకణములలోను ఇట్టి వ్యవహారమే అహోరాత్రములు నడచుచున్నది. బెల్జియము శాస్త్రజ్ఞుడగు క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో దీనికి ఆటోఫేజీ యని పేరిడెను. స్వయంభక్షణమని దాని యర్థము.

ఈ పేరు నేడు ప్రయోగశాలను దాటి అంగడి కెక్కినది. ఉపవాసముచే స్వయంభక్షణము హెచ్చును గనుక రాచపుండనబడు క్యాన్సరు సైతము ఉపవాసముచే కరగిపోవునని, నోబెలు బహుమానమును సాక్షిగా జూపి బోధించువారు బయలుదేరినారు. జపాను దేశీయుడగు యోషినోరి ఒహ్సుమికి 2016లో ఆ బహుమానము లభించుట నిజమే. కాని యాయన పరిశోధించినది ఈస్టుకణములను. ఈ కార్యమునకు మూలమగు జన్యువులను వానియందు కనిపెట్టినందుకే యాయనకు కీర్తి వచ్చినది గాని, రోగులకు ఉపవాసము విధించినందుకు గాదు.

సదా కొలదిగా జరుగుచుండు నీ కార్యము ఆకలివేళ హెచ్చును. కణములో రెండుపొరల సంచి యొకటి పుట్టి, చెడిన భాగములను చుట్టి, లైసోసోమను జీర్ణకోశమునకు చేర్చును. అవి యచ్చట విడివడి మరల మూలద్రవ్యములగును. కణము తన లేమిని గుర్తించు గుఱుతులలో నొకటి ఏటీపీ యను శక్తిద్రవ్యము తగ్గుట. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో అమెరికాయందు ఫిస్కేతో గూడి ఆ ద్రవ్యమును కనుగొనిన సంగతి ఆంధ్రులు మఱువరాదు.

ఇది ప్రాణరక్షకమనుటకు సందేహము లేదు. దీనికి వలయు జన్యువును తొలగించిన ఎలుకపిల్లలు పుట్టిన దినము దాటి బ్రదుకలేదని 2004లో తేలినది. తల్లిపాలు కుదురుకొనులోపలి ఆకలిని అవి యోర్వజాలకపోయినవి. శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలు చెడి పగిలినచో వానినుండి వెడలు ద్రవ్యము కణమునకు మరణశాసనమగును. స్వయంభక్షణము వానిని ముందే యేరివేయును. అయితే మేర మీఱినచో కావలసిన భాగములు సైతము హరించి కణము నశింపవచ్చును.

అంతకంటె గహనమగు విషయ మింకొకటి కలదు. ఆరోగ్యవంతమగు కణమునందు చెత్తను తొలగించి క్యాన్సరు పుట్టుక నడ్డగించు నీ శక్తియే, గడ్డ పెరిగిన పిదప పక్షము మార్చగలదు. రక్తము చాలక ఆకలిగొన్న దుష్టకణమును, మందుల దెబ్బకు క్రుంగిన దుష్టకణమును అదియే నిలబెట్టును. అందుచేతనే దీనిని హెచ్చించుటకు గాక అణచుటకు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను రోగులయందు పరీక్షించిన వైద్యులు కలరు. మరమ్మతు చేయు చేతికి బండి యెవరిదో తెలియదు గదా!

ఉపవాసము మనకు క్రొత్త గాదు. పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్రమునకై 1952లో మదరాసున 58 దినములు నిరశనవ్రతము సలిపి, డిసెంబరు 15న ప్రాణములర్పించెను. దీర్ఘోపవాసమున శరీరము తన కొవ్వును, కండను తానే కరగించుకొని నిలుచును. కణముల స్వయంభక్షణము అందొక భాగము. కాని తుక్కునుండి యెంత తీసినను, వెలినుండి సరకు రాని షెడ్డు మూతపడక తప్పదు. ఆ మహనీయుడు తన ప్రాణమును తెలిసి పణముగా నొడ్డెను. నేటి బోధకులు పరుల ప్రాణములను ఒడ్డుచున్నారు.

ఆరోగ్యవంతులు ఏకాదశినాడు ఉపవసింతురు గాక; ఎవరికిని అభ్యంతరము లేదు. కాని క్యాన్సరుచే కండ కరగుచున్న రోగిని పస్తుండుమనుట, ఇన్సులిను తీసికొను మధుమేహరోగిని వైద్యుని యడుగక ఉపవసింపుమనుట ప్రమాదకరము. ఈ రెండు రోగములను నయముచేయునని మందులను ప్రకటించుట 1954నాటి చట్టముచే నిషిద్ధము. ఉపదేశరూపమున వచ్చు నట్టి వాగ్దానమునకు మాత్రము ఆ కట్టుబాటు ఏల యుండరాదు? ప్రభుత్వము దీనిని ఆలోచింపవలయును. అంతవఱకు రోగి బంధువులే కావలి కాయవలయును. శాస్త్రము పేరు చెప్పి చికిత్స మానుమనువాడు శాస్త్రమునకును హితుడు గాడు, రోగికిని హితుడు గాడు.