రామములగ పండు, మా లెక్కల మాస్టారు

కొంతకాలం క్రిందట నా ఫోనుకు వాట్సాపులో ఒక సందేశం వచ్చింది. రోజూ పరగడుపున గ్లాసెడు పచ్చి టమాటా రసం త్రాగితే రక్తపోటు, మధుమేహం, కాన్సరు దరిచేరవని దాని సారాంశం. అచ్చుతప్పులు లేని తెలుగు కనబడితే నమ్మేయడం నాకు పాత జబ్బు. వెంటనే పదిమందికి పంపాను. వారిలో నాతోపాటు పదవీవిరమణ చేసిన లెక్కల మాస్టారు ఒకరు.

ఆయనకు మధుమేహం ఉన్నదని తెలుసు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలియదు. రెండు నెలలు నియమం తప్పక త్రాగారట. ఒకనాడు కాళ్ళలో సత్తువ లేక కూలబడితే పొన్నూరునుంచి గుంటూరు తీసుకువెళ్ళారు. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందన్నారు వైద్యులు.

నూరు గ్రాముల టమాటాలో సుమారు 240 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతులకు అది మేలే, రక్తపోటు అదుపునకు తోడ్పడుతుంది. మూత్రపిండాలు బలహీనపడ్డవారిలో మాత్రం బయటికి పోక పేరుకొని గుండె లయనే తప్పిస్తుంది. ఐదారు పండ్ల రసానికి ఎంతవుతుందో ఆయనకు చేతకాని గుణకారం కాదు. ఆ అంకె నేను పంపిన సందేశంలో లేదు, అంతే.

మా నాయనమ్మది మరో కొస. సీమనుంచి వచ్చిన కాయ అని తద్దినం వంటలోకి రానిచ్చేది కాదు. మాట నిజమే, దక్షిణ అమెరికాలో పుట్టి పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చిందంటారు. కానీ ఆవిడ తద్దినంనాడు కూడా విస్తట్లో వడ్డించే మిరపకాయ బజ్జీ మాటేమిటి? మిరపా ఆ ఖండంనుంచి వచ్చినదే! టమాటాను మనవాళ్ళు రామములగ అన్నారు. ఇందులోని ములగ సాంబారులో వేసే మునక్కాయ కాదనీ, నేలములకలోని ములక అనీ నాకు తోస్తుంది. నేలములక, వంకాయ, మిరప, టమాటా అన్నీ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే కుటుంబం. పేరు పెట్టినవారెవరో గాని ఆ పోలిక పట్టుకున్నారు.

ఇక గుణాల సంగతి. పండులో దాదాపు తొంభైనాలుగు పాళ్ళు నీరే. నూరు గ్రాములకు పద్ధెనిమిది కేలరీలు, పదమూడు పద్నాలుగు మిల్లీగ్రాముల సి విటమిన్. అదే బరువు జామపండులో రెండువందలకు పైమాటే. కాబట్టి సి విటమిన్ కోసం టమాటాను ఆకాశానికెత్తనక్కరలేదు, సంతలోని జామకాయల గంప చాలు. టమాటా సొంత సొత్తు లైకోపీన్ అనే ఎర్రని వర్ణద్రవ్యం. వండితే సి విటమిన్ తగ్గుతుందిగాని, లైకోపీన్ ఒంటికి అందే రూపంలో పెరుగుతుందని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంవారు 2002లో ప్రకటించారు. అది నూనెలో కరిగే పదార్థం కనుక కాస్త నూనె తోడైతే ఇంకా మంచిది. అంటే పోపు పెట్టిన టమాటా పప్పు ఆ పచ్చిరసం కంటే తెలివైన వంటన్నమాట! కాన్సరును అడ్డుకుంటుందన్న మాట మాత్రం ఇంకా రుజువు కాలేదు. కొన్ని పరిశీలనలలో ఆశ కనబడింది, అంతవరకే.

రాళ్ళు పడతాయని టమాటా మానేసి పాలకూర లాగించేవారిని చూశాను. రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేటు పాలకూరలో ఉన్నదాని ముందు టమాటాలోది లెక్కలోకి రాదు.

మన జిల్లావాడిగా ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. ఊరవేసి, ఎండబెట్టి, గుంటూరు కారం కలిపిన నిలవ పచ్చడి ఉంటే నాకు మరో కూర అక్కరలేదు. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు మించరాదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నా మొదటి వాయి అన్నంతోనే అందులో ఎంత ఖర్చవుతుందో తూచి చూసే ధైర్యం నాకు లేదు.

మాస్టారు కోలుకున్నారు. చూడబోయి, తప్పు నాదేనన్నాను. ఆయన నవ్వి, "మాస్టారూ, ఇకమీదట మీరు పద్యాలు పంపండి. వైద్యం నేను డాక్టరుగారిని అడుగుతాను" అన్నారు. మిగిలిన తొమ్మండుగురికీ అదే రోజు ఫోను చేశాను. ఇద్దరు ఇంకా త్రాగుతున్నారు.