థియేటర్ రోడ్డు నుండి ట్రిపోలీ దాకా: అంతర్యుద్ధం ఎవరి లెక్క?

కోల్‌కతాలో నేడు షేక్‌స్పియర్ సరణి అని పిలిచే వీధికి పాత పేరు థియేటర్ రోడ్డు. అందులోని 8వ నంబరు భవనం ఇప్పుడు అరవింద భవన్. 1971లో మాత్రం అది ప్రపంచంలో ఎవరూ గుర్తించని ఒక దేశానికి సచివాలయం. ఏప్రిల్ 17న సరిహద్దుకు అవతల ఒక మామిడితోటలో ప్రమాణ స్వీకారం చేసిన బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ఈ ఇంటి నుండే తన యుద్ధాన్ని నడిపింది. ఆ మరుసటి రోజే కలకత్తాలోని పాకిస్తాన్ డిప్యూటీ హైకమిషన్ అధిపతి హుస్సేన్ అలీ తన కార్యాలయం మీద కొత్త దేశపు జెండా ఎగురవేశారు.

అప్పుడు తూర్పు పాకిస్తాన్‌లో జరుగుతున్నదానికి ప్రపంచ రాజధానులు పెట్టిన పేరు ‘అంతర్గత వ్యవహారం’. పత్రికల భాషలో ‘అంతర్యుద్ధం’. ఢాకాలో జనం దానికి పెట్టుకున్న పేరు ‘విముక్తి యుద్ధం’. ఒకే నెత్తురుకు మూడు పేర్లు. ఏ పేరు ఎంచుకుంటారన్నదాని మీదే ఎవరు ఏం చేయాలన్నది ఆధారపడి ఉంటుంది. ‘అంతర్గత వ్యవహారం’ అంటే బయటివారు నోరు మూసుకోవాలి. ‘అంతర్యుద్ధం’ అంటే చంపేవాడు, చచ్చేవాడు సమాన పక్షాలైపోతారు. ‘విముక్తి యుద్ధం’ అంటే పక్షం ఎంచుకోక తప్పదు.

నలభై ఏళ్ళ తర్వాత అరబ్ దేశాలలో ప్రజలు వీధుల్లోకి వచ్చినపుడు విదేశాంగ విధాన విశ్లేషకులు తిరిగి ఇదే పేర్ల పంచాయితీలో చిక్కుకున్నారు. 2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సిదీ బూజిద్‌లో మహమ్మద్ బువజీజీ అనే తోపుడుబండి వర్తకుడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. నెల తిరక్కుండానే అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. 2011 ఫిబ్రవరి 11న ఈజిప్టులో ముబారక్ దిగిపోయాడు. ఆ తర్వాత లిబియా, సిరియా, యెమెన్ దేశాలలో తిరుగుబాట్లు అంతర్యుద్ధాలుగా మారాయి. కాదు, మార్చబడ్డాయి. ఈ తేడాను విశ్లేషకులు గుర్తించవలసినంతగా గుర్తించలేదు.

స్థూలంగా చూస్తే విశ్లేషకులు రెండు శిబిరాలుగా చీలిపోయారు. మొదటిది ‘స్థిరత్వ’ శిబిరం. నియంత పోతే అరాచకం వస్తుంది, చమురు ధర పెరుగుతుంది, మతోన్మాదులు బలపడతారు, కాబట్టి ఉన్నవాడే నయం అన్నది దాని వాదన. రెండవది ‘రక్షణ బాధ్యత’ శిబిరం. ప్రభుత్వమే తన ప్రజలను చంపుతున్నపుడు సార్వభౌమత్వం అడ్డు కారాదని, అంతర్జాతీయ సమాజం జోక్యం చేసుకోవాలని అది వాదించింది. ఈ సూత్రాన్ని 2005 ప్రపంచ శిఖరాగ్ర సమావేశంలో ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలు ఆమోదించాయి కూడా. రెండు వాదనలూ వినడానికి సబబుగానే ఉంటాయి. వాటిని కోల్‌కతా అనుభవం ముందు నిలబెట్టి చూస్తే మాత్రం రెండింటిలోని డొల్లతనమూ బయటపడుతుంది.

మొదట స్థిరత్వ వాదం. 1971లో దానికి ప్రధాన పూజారులు నిక్సన్, కిసింజర్లు. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ మార్చి 25 రాత్రి నుండి మొదలైన హత్యాకాండను తన ప్రభుత్వానికి పూసగుచ్చినట్టు నివేదించాడు. ఏప్రిల్ 6న ఆ కార్యాలయ సిబ్బంది తమ ప్రభుత్వ మౌనాన్ని తప్పుబడుతూ అసమ్మతి తంతి పంపారు. ఫలితంగా మారింది విధానం కాదు, బ్లడ్ ఉద్యోగం. చైనాతో రహస్య మంతనాలకు యాహ్యా ఖాన్ వారధిగా ఉన్నాడు. ఆ వారధి మీదుగానే జులైలో కిసింజర్ పీకింగ్ వెళ్లాడు. ‘స్థిరత్వం’ అన్న మాట వెనుక ఎవరి పని దాగి ఉందో తెలియాలంటే ఇంతకు మించిన పాఠం అక్కరలేదు.

ఆ స్థిరత్వపు ఖరీదును వాషింగ్టన్ చెల్లించలేదు, బెంగాల్ చెల్లించింది. దాదాపు కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటారు. నేడు ఐటీ కార్యాలయాలు వెలసిన సాల్ట్ లేక్ అప్పట్లో వారి శిబిరం. బన్‌గావ్‌లో కలరా ప్రబలితే సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని తాగించి వేల ప్రాణాలను నిలబెట్టారు. పక్క దేశపు ‘అంతర్గత వ్యవహారం’ తమ ఆసుపత్రి గచ్చు మీదికి వచ్చి పడుకున్నపుడు ఆ మాటకు అర్థం ఉండదని ఈ నగరానికి తెలిసినంతగా మరో నగరానికి తెలియదు.

ఇక రక్షణ బాధ్యత వాదం. 2011 మార్చి 17న భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం ద్వారా లిబియాలో పౌరుల రక్షణకు ‘అవసరమైన అన్ని చర్యలకు’ అనుమతి ఇచ్చింది. అనుకూలంగా 10 ఓట్లు పడ్డాయి. భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ ఓటింగుకు దూరంగా ఉన్నాయి. బెంఘాజీ పౌరులను కాపాడడానికి ఇచ్చిన అనుమతి కొద్ది వారాల్లోనే ప్రభుత్వాన్ని కూల్చే యుద్ధమయింది. అక్టోబరు 20న గడాఫీ హతుడయ్యాడు. బాంబులు వేసిన దేశాలు విజయం ప్రకటించుకుని ఇళ్లకు వెళ్లిపోయాయి. 2014 నుండి లిబియాను పోటీ ప్రభుత్వాలు పంచుకుంటున్నాయి. 2023 సెప్టెంబరులో నిర్వహణ లేని ఆనకట్టలు తెగి డెర్నా నగరం వేలాది మందితో సహా కొట్టుకుపోయింది. ఆ రోజు ‘బాధ్యత’ తీసుకోవడానికి 2011 నాటి రక్షకులు ఎవరూ ముందుకు రాలేదు.

ఇక్కడే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది. 1971లో సైన్యాన్ని పంపిన భారత్‌కు 2011లో సార్వభౌమత్వం గురించి మాట్లాడే నైతిక హక్కు ఎక్కడిది? పాశ్చాత్య విశ్లేషకులు ఈ ప్రశ్నను తరచూ సంధించారు. ఢిల్లీ విశ్లేషకులు దానికి సూటిగా జవాబు చెప్పకుండా అలీన విధానం చాటున దాక్కున్నారు. నిజానికి జవాబు ఉంది.

1970 ఎన్నికలలో తూర్పు పాకిస్తాన్‌కు కేటాయించిన 162 సాధారణ స్థానాలలో 160 అవామీ లీగ్ గెలుచుకుంది. అంటే తిరగబడినవారికి ప్రజల తీర్పు ముందే ఉంది. తీర్పును కాలరాసింది సైన్యం. లిబియాలో బయటి శక్తులు ఎవరి పక్షాన బాంబులు వేశాయో వారి మధ్య ఏకీభావం లేదు, వారికి ఎన్నికల ఆమోదమూ లేదు. రెండవది, జోక్యం చేసుకున్న దేశం దాని భారాన్ని తానే మోసింది. శరణార్థులు వచ్చింది భారత భూభాగం లోకి. మూడవది, వెళ్లిన సైన్యం 1972 మార్చిలో వెనక్కి వచ్చేసింది. ఈ మూడు గీటురాళ్ల మీద లిబియా జోక్యం ఒక్కదాని మీద కూడా నిలవదు.

అయితే ఈ జవాబుతో ఛాతీ విరుచుకోవలసిన పని లేదు. 1971 మార్చి 31న, అంటే శరణార్థుల వరద ఇంకా పూర్తిగా మొదలు కాకముందే, పాకిస్తాన్ విచ్ఛిత్తి భారత్‌కు మళ్లీ దొరకని అవకాశం అని వ్యూహ నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం బాహాటంగా వాదించారు. కరుణతో పాటు లెక్క కూడా ఉంది. ప్రపంచం దాన్ని గమనించింది. డిసెంబరు 7న ఐరాస సాధారణ సభలో 104 దేశాలు కాల్పుల విరమణ, సైన్యాల ఉపసంహరణ కోరుతూ ఓటు వేశాయి. వ్యతిరేకించిన 11 దేశాలలో భారత్‌తో పాటు నిలిచిన అరబ్ దేశం ఒక్కటీ లేదు. తమ దేశాలలో ఎప్పుడో ఒకనాడు ఇలాంటి రోజు వస్తుందన్న భయం ఆ పాలకులకు అప్పుడే ఉండి ఉండవచ్చు.

ఢిల్లీ పాఠం నేర్చుకున్నదా? సిరియా విషయంలో 2011 అక్టోబరులో ఓటింగుకు దూరంగా ఉండి, 2012 ఫిబ్రవరిలో అరబ్ లీగ్ ప్రణాళికను సమర్థించే తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసింది. రెండు సార్లూ రష్యా, చైనాలు వీటో చేశాయి. ఊగిసలాటను సమతుల్యంగా వర్ణించడం మన విశ్లేషకులకు అలవాటయింది. అంతకంటే పెద్ద పొరపాటు ఇంటి పక్కనే జరిగింది. 2024 ఆగస్టు 5న విద్యార్థుల తిరుగుబాటుతో షేక్ హసీనా ఢాకా విడిచి భారత్ చేరినపుడు ఢిల్లీ నిర్ఘాంతపోయింది. ఒక దేశంతో సంబంధాన్ని ఒక వ్యక్తితో సంబంధంగా కుదించుకున్నందుకు చెల్లించిన మూల్యం అది. ముబారక్ విషయంలో వాషింగ్టన్ చేసిన తప్పిదం అచ్చంగా ఇదే. కోల్‌కతా నుండి ఢాకాకు ఉన్న దూరం హైదరాబాద్ నుండి విజయవాడకు ఉన్న దూరానికి ఎక్కువేమీ కాదు. అంత దగ్గరి జనం మనసే చదవలేని వారు కైరో మనసు చదవగలరని నమ్మడం ఎలా?

ఈ చర్చ తెలుగువారికి దూరపు కొండ కాదు. 2011లో లిబియా నుండి 15 వేల మందికి పైగా, 2015లో యెమెన్ నుండి 4,600 మందికి పైగా భారతీయులను ప్రభుత్వం తరలించింది. అది నిస్సందేహంగా ఘనకార్యం. కానీ 2015 జులైలో లిబియాలోని సిర్త్ వద్ద అపహరణకు గురైన నలుగురు భారతీయ అధ్యాపకులలో ఇద్దరు తెలుగువారు. తోటి కన్నడిగులిద్దరూ కొద్ది రోజుల్లో విడుదలైతే వీరు ఏడాదికి పైగా బందీలుగా మగ్గి 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. 2014లో మోసుల్‌లో అపహరించబడిన 39 మంది కార్మికుల మరణాన్ని ప్రభుత్వం 2018లో గానీ ధ్రువీకరించలేదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ వెళ్లిన లక్షలాది కుటుంబాలకు ‘పశ్చిమాసియా స్థిరత్వం’ అంటే చమురు బ్యారెల్ ధర కాదు, నెలనెలా వచ్చే డబ్బు, అర్ధరాత్రి రాకుండా ఉండవలసిన ఫోను. విశ్లేషకుల పటాల మీద నౌకా మార్గాలు ఉంటాయి, పైపులైన్లు ఉంటాయి, వీరు ఉండరు.

1780లో స్థాపితమైన కలకత్తా మదర్సా నేడు ఆలియా విశ్వవిద్యాలయంగా కొనసాగుతున్నది. అరబ్బీ భాషను రెండు శతాబ్దాలకు పైగా బోధిస్తున్న నగరం ఇది. అలాంటి దేశంలో అరబ్ తిరుగుబాట్ల మీద మన విశ్లేషణ చాలా వరకు లండన్, వాషింగ్టన్ పత్రికల ఆంగ్లం నుండి అరువు తెచ్చుకున్నది కావడం విషాదం. అరబ్బీ చదివినవాడికి విదేశాంగ శాఖలో చోటు, వలస కార్మికుడి మాటకు విధానంలో విలువ, పాలకులతో పాటు ప్రతిపక్షాలతో, విద్యార్థులతో, కార్మిక సంఘాలతో మాట్లాడే రాయబార కార్యాలయం: అవసరమైనవి ఇవి. ఓటింగుకు దూరంగా ఉండడం ఒకోసారి వివేకం. అదే విధానమైపోతే బాధ్యతారాహిత్యం.

నియంతలు కూలడం విశ్లేషకులను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది. కూలేవరకు వారిని నిలబెట్టినది ఎవరన్న ప్రశ్నను వాయిదా వేయడమే అందుకు కారణం. 8వ నంబరు ఇంట్లో కూర్చున్న మనుషులను 1971 ఏప్రిల్‌లో ప్రపంచం లెక్కలోకి తీసుకోలేదు. డిసెంబరు నాటికి వారిది ఒక దేశం.