పన్ను మాఫీ సరే, అంగట్లో బండి నడిపి చూపించండి

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,



2024 నవంబరులో మీ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్ల మీద రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. 2020 నాటి విధానంలో మొదటి 2 లక్షల టూ వీలర్లకు, మొదటి 5 వేల ప్రైవేటు కార్లకు అంటూ పెట్టిన పరిమితులు తీసేసి, 2026 డిసెంబర్ 31 దాకా ఎన్ని బండ్లకైనా ఈ మాఫీ ఉంటుందని చెప్పింది. మంచి నిర్ణయం. కొనాలని అప్పటికే అనుకుంటున్నవాళ్లకు అది నిజంగా మేలు చేసింది. నేను రాస్తున్నది ఇంకా మనసు కుదరని వాళ్ల గురించి. వాళ్లలో చాలామంది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు దూరంగా, మా కరీంనగర్ జిల్లాలాంటి చోట్ల, మండల కేంద్రాల్లో, ఊళ్లలో ఉన్నారు. తమలాంటి మనిషి ఎవరైనా ఆ బండి నడుపుతుంటే వాళ్లు చూడాలి. ఎక్కి ఓ చుట్టు తిరగాలి. మనసులో ఉన్న అనుమానాలన్నీ అడగాలి, ఉన్నదున్నట్టు జవాబు వినాలి. అందుకు వారం వారం జరిగే అంగడిని మించిన చోటు లేదు. అక్కడ ఈ ఏర్పాటు మీరు చేయించాలని అడగడానికే ఈ బహిరంగ లేఖ.

మేం కొందరు మిత్రులం ఈ పని సొంతంగా మొదలుపెట్టాం. అంగడి రోజున మా స్కూటర్లు తీసుకెళ్లి కూరగాయల వరుస చివర, వేపచెట్టు కింద నిలబెట్టాం. బ్యానర్ లేదు, మైకు లేదు. ఒక సీటు మీద అట్టముక్క పెట్టి, ‘అడగండి, నడిపి చూడండి’ అని స్కెచ్ పెన్నుతో రాశాం. చాలాసేపు ఎవరూ దగ్గరికి రాలేదు. అమ్మడానికి వచ్చామనుకున్నారు. మేం అమ్మట్లేదని, ఇవి మేం రోజూ తిరిగే బండ్లేనని తెలిశాక జనం మూగారు. ‘వానకు తడిస్తే షాక్ కొడ్తదా?’, ‘ఇద్దరం కూసుంటే గుట్ట ఎక్కుతదా?’, ‘నడిమిట్ల ఆగిపోతే నూకుకుంట రావాల్నా?’, ‘బ్యాటరీ పోతే ఎన్ని పైసలైతయి?’ ఈ ప్రశ్నలు ఏ ప్రకటనలోనూ వినపడవు. కొనేవాడి మనసులో తిరిగేవి మాత్రం ఇవే.

పాలు పోసే ఆయన ఒకరు ఏమీ అడగకుండా బండి చుట్టూ తిరిగాడు. స్టాండు తీసి, పక్కకు వంచి బరువు చూసుకున్నాడు. తన పాల క్యాన్లు రెండూ తెచ్చి తాడుతో కట్టాడు. మీటర్ మీద ఛార్జింగ్ ఎంత ఉందో చూసుకొని, చెరువు కట్ట దాకా పోయి వచ్చాడు. దిగగానే మళ్లీ మీటర్ చూశాడు. రెండు శాతం తగ్గింది. అప్పుడు కూర్చుని లెక్క మొదలుపెట్టాడు. రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతాడట, పెట్రోలుకు దాదాపు 100 రూపాయలు పోతున్నాయట. హైదరాబాద్‌లోనే లీటరు 107 రూపాయలు దాటాక మా దగ్గర అంతకు తక్కువ ఉండదు. మామూలు ఎలక్ట్రిక్ స్కూటర్ 100 కిలోమీటర్లకు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. బరువుతో తిరుగుతాడు కాబట్టి కొంత ఎక్కువే వేసుకొని, యూనిట్‌కు 10 రూపాయల చొప్పున చూసినా ఆయనకు రోజుకు 20 రూపాయలు దాటదు. ఆ లెక్క అట్టముక్క వెనకాలే వేసి ఇచ్చాం.

తర్వాత బ్యాటరీ సంగతి అడిగాడు. బండి ధరలో పెద్ద వాటా దానిదేనని, కొన్ని కంపెనీలు 8 ఏళ్ల దాకా వారంటీ ఇస్తున్నా షరతులు చదువుకోవాలని, కంపెనీ చెప్పే మైలేజీ అంతా రోడ్డు మీద రాదని, బరువు పెరిగినకొద్దీ తగ్గుతుందని ఆయనకు చెప్పాం. రిపేరుకు కరీంనగర్ పోవాలని కూడా చెప్పాం. ‘సర్వీస్ సెంటర్ ఈడికొచ్చినంక కొంట’ అని లెక్క రాసిన అట్టముక్క మడిచి జేబులో పెట్టుకొని పోయాడు. ఆయన ఆ రోజు కొనలేదు. అయినా మంత్రి గారూ, మా మండలంలో ఈ బండ్లకు ఏది అడ్డం పడుతోందో ఆ ఒక్క మాటలో తెలిసింది. ఇలాంటి మాటలు ప్రతి అంగట్లో రాసుకుంటే, సర్వీస్ సెంటర్ ఎక్కడ పెట్టాలో కంపెనీలకు చెప్పడానికి మీ దగ్గర గట్టి ఆధారం ఉంటుంది.

అడగడానికి జంకే ప్రశ్న ఇంకొకటి ఉంది. గొంతు తగ్గించి అడుగుతారు: ‘కాలుతదంట గదా?’ ఈ భయం గాలి కబుర్లతో వచ్చింది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంకొకరి ప్రాణం పోయింది. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన హోటల్ ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది చనిపోయారు. మన జనం ఇవి మరిచిపోలేదు, మరిచిపోవాలని కోరడమూ న్యాయం కాదు.

ఆ తర్వాత జరిగింది మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కేంద్రం బ్యాటరీ భద్రత నిబంధన ఏఐఎస్-156ను కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబర్ నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి మరో దశ అమల్లో పెట్టింది. బ్యాటరీలో ఒక సెల్లు వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లుకు పాకకుండా, పాకినా మనిషికి తప్పుకునే వ్యవధి దొరికేలా పరీక్షలు పెట్టారు. ఈ సంగతి షోరూం కుర్రాడు చెప్పడు, మంట మాట ఎత్తితే గిరాకీ పోతుందని భయం. అందుకే అంగడికి ఫైర్ స్టేషన్ నుంచి ఒకరు రావాలి. మంచం పక్కన, మెట్ల కింద, దారికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టొద్దని, వేరే బండి ఛార్జర్ వాడొద్దని, రామగుండం ఎండల్లో తిరిగొచ్చిన బ్యాటరీని కాసేపు నీడలో చల్లారనిచ్చి ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలని ఆ యూనిఫాం వేసుకున్న మనిషి చెబితే నమ్ముతారు.

ఆయన పక్కనే లైన్‌మన్ ఉండాలి. మా ఊళ్లలో చాలా ఇళ్లకు సరైన ఎర్తింగ్ లేదు. బండి కొని తెచ్చాక ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. బండి పాడైందని షోరూంతో పోట్లాడతారు. లోపం గోడ లోపల ఉంటుంది. విద్యుత్ శాఖ మీ చేతిలో లేదని తెలుసు. అయినా మీరు ఒక మాట చెబితే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) వాళ్లు అంగడి రోజుకు ఒక మనిషిని పంపడం పెద్ద పని కాదు. ఒక ఎర్తింగ్ గుంత ఎలా తీస్తారో అక్కడే తవ్వి చూపిస్తే కరపత్రాల కట్టలకన్నా నయం.

మీ శాఖ మోటారు వాహనాల తనిఖీ అధికారి (ఎంవీఐ) తప్పకుండా రావాలి. మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా ఉన్న బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఆ వెసులుబాటు పేరు చెప్పి అంతకన్నా జోరుగా పోయే బండ్లు అంటగట్టేవాళ్లు ఉన్నారు. బడికి పోయే పిల్లల చేతికి అవి ఇస్తున్నారు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు రాదు, ఆ కుటుంబం రోడ్డున పడుతుంది. ఏది ఏ రకం బండో, ఆకుపచ్చ నంబర్ ప్లేటు దేనికి వస్తుందో, కొనేటప్పుడు ఏ కాగితాలు అడిగి తీసుకోవాలో ఎంవీఐ పది నిమిషాలు చెబితే ఎన్నో ఇళ్లు మోసపోకుండా ఉంటాయి.

బండి నేర్చుకోవడానికి చోటు కావాలి. అదీ మీ దగ్గరే ఉంది. రవాణా శాఖ (ఆర్టీఏ) ఆఫీసుల డ్రైవింగ్ టెస్టు ట్రాకులు ఆదివారం ఖాళీగా ఉంటాయి. ఆ ఒక్క పూట వాటి గేట్లు తెరవండి. అంగట్లో మా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది, జనం చూస్తుండగా నడపడానికి సిగ్గుపడి వెనక్కి పోయారు. గేర్లు, క్లచ్ లేని ఈ బండి వాళ్లకే ఎక్కువ సులువు. మహిళా సంఘాల వాళ్లను ట్రాక్ మీదికి పిలిచి, నేర్పేది కూడా బండి ఉన్న ఆడవాళ్లే అయితే, ఆశ కార్యకర్త నుంచి టైలరింగ్ చేసే చెల్లె దాకా అందరూ వస్తారు.

ఆర్టీసీ కూడా మీదే. 2024 సెప్టెంబరులో కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ బస్సులు మొదలయ్యాయి. ఎంతోమంది వాటిలో ఎక్కి దిగుతున్నారు. అంత పెద్ద బస్సు రాత్రి డిపోలో ఎలా ఛార్జ్ అవుతుందో మాత్రం ఎవరూ చూడలేదు. నెలకొకసారి డిపో తలుపులు తీసి బడిపిల్లలకు, ఆటో అన్నలకు చూపించండి. ఆ బస్సు నడిపే డ్రైవర్‌ను మాట్లాడమనండి. ‘గుట్ట ఎక్కుతదా’ అన్నవాళ్లకు మేం తిరుమల సంగతి చెబుతున్నాం. 2022 నుంచి ఆ ఘాట్ రోడ్డులో ఎలక్ట్రిక్ బస్సులు భక్తులను ఎక్కించుకొని కొండెక్కుతున్నాయి, దిగేటప్పుడు బ్రేకు పడితే కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకే చేరుతుంది. ఈ మాట మా నోట వినడం వేరు, స్టీరింగ్ పట్టినవాడి నోట వినడం వేరు.

రోడ్డు పక్క మెకానిక్‌ను మాత్రం మరిచిపోవద్దు. మా దగ్గర బండి కొనేముందు అందరూ అడిగేది ఆయన్నే. ఆయన వద్దంటే ఆ బేరం అక్కడితో ఆగినట్టే. ఇంజన్ ఆయిల్, క్లచ్ ప్లేట్లు, కార్బురేటర్ పని పోతే తన కుటుంబం గతేమిటన్న దిగులు ఆయనది. ఆ దిగులు న్యాయమైనది. టైర్లు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, బేరింగుల పని ఎలాగూ ఉంటుంది. దానికి తోడు వైరింగ్, కంట్రోలర్, బ్యాటరీ పరీక్ష నేర్పితే ఆయన నిలబడతాడు, పాలాయన కరీంనగర్ దాకా పోయే బాధ కూడా తప్పుతుంది. ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. అక్కడి బోధకులు అంగడికి వచ్చి ఒక మోటారు విప్పి చూపించాలి. సాయంత్రం పూట, షాపు మూసుకోనక్కర్లేకుండా మెకానిక్‌లకు తరగతులు పెట్టాలి.

పెద్ద వేడుకలు మనం చూశాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలోనే మొదటి ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. దాదాపు 2.8 కిలోమీటర్ల ట్రాక్, ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. రేసు వల్ల నగరానికి పేరొచ్చిందేమో కానీ, మా అంగట్లో అడిగే ఒక్క ప్రశ్నకైనా అందులో జవాబు లేదు. అమెరికాలో 2011 నుంచి ఏటా వేరే రకంగా చేస్తున్నారు. బండి ఉన్నవాళ్లే తమ కార్లను ఊరి పార్కింగ్ స్థలాల్లో నిలిపి, వచ్చినవాళ్లతో మాట్లాడతారు, ఎక్కించుకొని తిప్పుతారు. చిన్నగా మొదలైన ఆ పని ఇప్పుడు ‘డ్రైవ్ ఎలక్ట్రిక్ వీక్’ పేరుతో దేశమంతా జరుగుతోంది. అంగళ్లు, జాతరలు, నాంపల్లి నుమాయిష్ ఉన్న మనకు ఇందుకోసం కొత్తగా జనాన్ని పోగుచేసే పని కూడా లేదు.

ఒక్క విషయంలో గట్టిగా చెప్పాలి. ఈ పనిని కంపెనీలకు, ఈవెంట్ సంస్థలకు అప్పగించొద్దు. డీలర్లు వస్తే పక్కన టేబుల్ వేసుకోనివ్వండి. మధ్యలో నిలబడి మాట్లాడేది మాత్రం బండి వాడుతున్న మనిషే కావాలి. కొని ఇబ్బంది పడ్డవాళ్లను కూడా పిలవండి. స్పేర్ పార్టు కోసం వారాల తరబడి తిరిగిన మనిషి మాట వింటేనే మిగతావాళ్లకు మంచి మాట మీద నమ్మకం కుదురుతుంది. స్టేజీలు, శాలువాలు, ఫ్లెక్సీలు వద్దు. అవి వస్తే పాలాయన రాడు.

మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి దగ్గర అమర రాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. బ్యాటరీలు మన దగ్గరే తయారవుతాయన్నప్పుడు వాటితో నడిచే బండి మీద మన ఊళ్లలో ఇన్ని అనుమానాలు మిగిలిపోవడం నాకు బాధగా ఉంది.

పన్ను మాఫీకి 2026 డిసెంబర్ 31 గడువు. ఆలోగా 33 జిల్లాల్లో, జిల్లాకు ఒక్క మండల కేంద్రంలోనైనా, అంగడి రోజున ఈ ఏర్పాటు చేయించండి. మీ నుంచి కావలసింది ఒక ఎంవీఐ, ఒక లైన్‌మన్, ఫైర్ స్టేషన్ నుంచి ఒక మనిషి, ఆదివారం పూట టెస్టు ట్రాక్ తాళం చెవి. బండ్లు మేం తెస్తాం, ఛార్జింగ్ ఖర్చు మేమే పెట్టుకుంటాం, జవాబులు మేం చెబుతాం. మొదటి అంగడి మా కరీంనగర్ జిల్లాలోనే పెట్టించండి.

ఇట్లు,
కరీంనగర్ జిల్లా నుంచి ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ వాహనదారు