కూలికి రసీదు ఏదీ అంటారు!

మిరపకోతల రోజుల్లో జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళ కూలీలు ఎందరో హైదరాబాదు-విజయవాడ రోడ్డెక్కే పనికి పోతారు. మోటారు సైకిలు గుద్ది కాలు విరిగితే జరిగేది తెలిసిందే. పెద్దమనుషులు కూర్చుంటారు, పదివేలు చేతిలో పెట్టించి 'కేసెందుకురా' అంటారు. అది పరిహారం కాదు, నోరు మూయించే బేరం అంటాం మేము.

పోలీసు కేసు లేకుండా క్లెయిముల ట్రిబ్యునల్లో నిలబడటం కష్టం. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ అర్జీకి ఆరు నెలల గడువు పెట్టింది. కట్టు విప్పి నడిచేసరికే సగం గడువు పోతుంది! గుద్దిన బండి ఏదో తెలియకపోతే, తీవ్రగాయానికి ఇదివరకు 12,500 ఇచ్చేవారు, అదే తేదీ నుంచి 50 వేలు చేశారు. దానికి అర్జీ రెవెన్యూ అధికారికి పెట్టుకోవాలి.

ఇక ఇన్సూరెన్సు కంపెనీ వకీలు 'కూలికి రసీదేదీ?' అంటాడు. రసీదు రాసిచ్చి కూలి డబ్బులిచ్చిన ఆసామి ఎవరున్నారండీ? 2004లో దెబ్బతిన్న ఒక కూలీ నెలకు 4,500 వస్తుందంటే ట్రిబ్యునలు 3,000కి కోసింది. కూలోడి దగ్గర కాగితాలుండవు, అడిగింది ఎక్కువా కాదు అని 2011లో సుప్రీంకోర్టు 4,500 ఒప్పుకుంది. మన వకీళ్ళకు ఈ తీర్పు గుర్తు చేయాలి.

ఆసుపత్రి చీటీ, మందుల బిల్లు ఒక్కటీ పారేయకండి. రాజీ కాగితం మీద వేలిముద్ర వేసేముందు సంఘం వాళ్ళకు చూపించండి.