సైకిలు సవారి: తెల్ల దారులు

మేము రోజూ సైకిలు మీదే ఆఫీసుకు పోతాము. హోసూరు మిట్టలకే మా మోకాళ్ళు మూలుగుతున్నవి. అయినా యీ నెల పాఠకులను యింకా పెద్ద మిట్టలకు పిలుస్తున్నాము.

ఇటలీలో కియాంతి కొండలు వున్నవి. వాలున ద్రాక్షతోటలు, వాటి నడుమ వెండిరంగు ఆకుల ఆలివ్ చెట్లు. 1985 జనవరి మంచుకు ఆ చెట్లు లెక్కలేనన్ని మాడిపోయినవి. రైతులు మొదలంటా నరికితే, వేళ్ళ నుండి చాలా చెట్లు మళ్ళీ చిగిర్చినవి.

ఆ తోటల మధ్య తెల్లని గులక దారులు. వాటికి తారు పోయవద్దని, 1997లో గయోలె అనే వూరి నుండి 92 మంది పాత సైకిళ్ళ మీద బయలుదేరారు. ఆ సవారి పేరు ‘లెరోయికా’. 1987కు ముందటి తరహా సైకిళ్ళకే అందులో ప్రవేశం. పెద్ద దారి సుమారు 209 కిలోమీటర్లు. నిలువు మిట్టల వద్ద దిగి తోసుకుపోయేవారూ వున్నారు. అది నామోషీ కాదు. దారులు నిలిచినవి.

మా వూరికి తారురోడ్డు కావాలని అర్జీలు వ్రాసినది మేమే. వానాకాలంలో కాన్పుకు ఎద్దుబండే గతి అయిన వూరది. ఆ అర్జీలకు మాకు విచారం లేదు. కాని రోడ్డు వెడల్పుకని చింతచెట్లు కొట్టేసిననాడు, చేతిలో కలం వుండీ ఒక్క అర్జీ వ్రాయలేదే! అదే విచారం.