మాటకు దగ్గర, నీటికి దూరం

కదిరి నుంచో, మదనపల్లె నుంచో, హిందూపురం నుంచో బతుకుదెరువుకు బెంగళూరు దారి పట్టిన కుటుంబాలన్నీ ఇప్పుడు బెంగళూరు దాకా పోవడం లేదు. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరుచుకున్నాక నగరం ఉత్తరానికి ఒరిగింది. ఎదురొచ్చే నగరాన్ని చూసి కొందరు చిక్కబళ్ళాపురంలోనో చింతామణిలోనో ఆగిపోతున్నారు. చేతిలో డబ్బు మరీ తక్కువైతే బాగేపల్లిలోనే మూట దించుతున్నారు. దించేముందు అందరూ అడిగేది ఒకటే. బాడుగెంత, అడ్వాన్సు ఎన్ని నెలలది? ఆ జవాబును బట్టి ఊరు ఎంచుకున్నవాళ్ళకు అసలు లెక్క ఆరు నెలల తరవాత గానీ తెలియదు.

ఈ మూడూ ఒకే జిల్లా ఊళ్ళు. 2007లో కోలారు నుంచి విడదీసిన చిక్కబళ్ళాపురం జిల్లా అది. చిక్కబళ్ళాపురం నుంచి మిగతా రెంటిలో దేనికైనా బస్సులో గంట, గంటన్నర. అయినా బతుకు తీరులో ఒకదానికొకటి పోలిక లేదు. జిల్లా ఒకటే అన్న మాట కూడా కొంతవరకే నిజం. చింతామణి ఓటరు పార్లమెంటుకు కోలారు సభ్యుణ్ణి పంపుతాడు, బాగేపల్లి ఓటరు చిక్కబళ్ళాపురం సభ్యుణ్ణి పంపుతాడు. 2011 జనగణనలో జిల్లాకు పన్నెండున్నర లక్షల జనాభా తేలింది. ఆ జిల్లా మొత్తానికి సగటు తీసి ఇక్కడ బతుకు ఇలా ఉంటుందని చెప్పే పట్టికలు వలస వచ్చినవాడికి పనికిరావు. నా పరిశీలనలో తేలింది ఒకటుంది. ఈ మూడు ఊళ్ళలో తెలుగువాడికి నోటికి సుఖం ఎక్కడ ఎక్కువో అక్కడ వసతి తక్కువ. వసతి పెరిగే కొద్దీ నోటి సుఖం పలచబడుతుంది.

బాగేపల్లి నుంచే మొదలుపెడదాం. బస్సు దిగి టీ అంగడి ముందు నిలబడితే మనం రాష్ట్రం దాటామన్న సంగతి బోర్డులు చెప్పాలి తప్ప మనుషులు చెప్పరు. ‘యాడికి పోతాండావప్పా’ అని పలకరింపు. సంగటి, ఊరిబిండి, సంతలో బేరం, చావింట్లో ఏడుపు అన్నీ తెలుగే. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం కోలారు జిల్లాలో సగానికి పైగా తెలుగు మాట్లాడేవాళ్ళేనని తెలిసి కూడా, బెంగళూరుతో ముడిపడిన ప్రాంతమని దాన్ని కన్నడ రాష్ట్రంలోనే ఉంచింది. ఆ నిర్ణయం తప్పని నేననను. కాకపోతే దాని పర్యవసానం ఒకటుంది. ఇక్కడ నోరు ఒక భాషలో, కాగితం మరో భాషలో బతుకుతున్నాయి. స్థానికుడికి దానితో చిక్కులేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, రెండు కాళ్ళ మీద నడుస్తాడు. సరిహద్దు దాటి వచ్చినవాడికి ఒంటికాలే. పక్కింటావిడ తెలుగులో మాట్లాడుతుంది కాబట్టి తనకు భాష సమస్య లేదనుకుంటాడు. నాడకచేరికి పోయి ఆదాయ ధ్రువపత్రం అడిగిన రోజున, పురసభ నుంచి పన్ను నోటీసు వచ్చిన రోజున తెలుస్తుంది. మద్రాసుకో పూణేకో వలస పోయినవాడు భాష రాదని ముందే తెలిసి నేర్చుకోవడానికి సిద్ధపడతాడు. బాగేపల్లికి వచ్చినవాడికి ఆ తొందర పుట్టదు. పదేళ్ళున్నా కన్నడం అక్షరం ముట్టని వాళ్ళుంటారు, ముఖ్యంగా ఇల్లు దాటని ఆడవాళ్ళలో. దగ్గరితనం చేసే నష్టం ఇది.

వలస ఈ నేలకు కొత్తేమీ కాదు. ప్రకాశం సీమలోని మోక్షగుండం ఊరి పేరును ఇంటిపేరుగా మోసుకొచ్చిన తెలుగు కుటుంబంలోనే, చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో 1861లో విశ్వేశ్వరయ్య పుట్టారు. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప, ఈ సీమకంతటికీ కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. అప్పుడు రెండు భాషలు పాండిత్యం కింద లెక్క. ఇప్పుడు రెండూ రావడం ఆఫీసులో పని జరగడానికి కావలసిన కనీస సరంజామా.

ఇక నీళ్ళు. బాడుగ లెక్క తలకిందులయ్యేది ఇక్కడే. నంది కొండల చుట్టుపక్కల ఉత్తర పినాకిని పుడుతుంది, చిత్రావతి పుడుతుంది, పాపాగ్ని పుడుతుంది. మూడూ ఆంధ్రకు పోతాయి. ఇన్ని నదులకు పుట్టిల్లయిన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి లేదు. చెరువులే ఆధారం, చెరువులు ఎండాక బోర్లు. బోరు వెయ్యి అడుగులు దాటడం ఇక్కడ వింత కాదు. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో అంత లోతు నుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు. కాబట్టి తాగడానికి ఒక నీళ్ళు, వాడుకకు ఒక నీళ్ళు అని ప్రతి ఇంట్లో రెండు ఖాతాలు నడుస్తాయి. శుద్ధ నీటి కేంద్రం దగ్గర నాణెం వేసి క్యాను పట్టుకోవాలి, వాడుకకు ట్యాంకరుకు ఫోను చెయ్యాలి. సొంతిల్లున్న పాతకాపుకు పెరట్లో తొట్టి ఉంటుంది, ఎవరింటి బోరు ఎప్పుడు వదులుతారో తెలిసి ఉంటుంది. కొత్తగా వేసిన లేఅవుట్‌లో మూడో అంతస్తు బాడుగ మనిషికి ఆ ఎరుక లేదు, ఆ చుట్టరికమూ లేదు. బాడుగలో మిగిలిందంతా ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు ఎత్తుకుపోతుంది.

మూడు ఊళ్ళకూ నీటి కథ ఒకటి కాదు. చిక్కబళ్ళాపురానికి జక్కలమడుగు జలాశయం ఉంది, దాన్ని దొడ్డబళ్ళాపురంతో పంచుకోవాలి. బాగేపల్లికి చిత్రావతి మీద పరగోడు దగ్గర కట్టిన ఆనకట్ట ఉంది. పరగోడు పేరు చెబితే అనంతపురం పాఠకుడికి చురుక్కుమంటుంది. దిగువన బుక్కపట్నం చెరువు ఎండుతుందని ఇరవై ఏళ్ళ కిందట మనవాళ్ళు ఎంత గొడవ చేశారో గుర్తుండే ఉంటుంది. ఆ గొడవ చేసిన పల్లెల నుంచే ఇవాళ బాగేపల్లికి కాపురం వచ్చి, ఆ పరగోడు నీళ్ళ కోసమే కొళాయి దగ్గర బిందె పెట్టిన ఇల్లాలు ఉంటే ఆమె ఏ పక్షమనాలి? నీటి తగాదాల్లో రాష్ట్రాలు ఉంటాయి గానీ కాపురం మారిన మనిషికి చోటుండదు.

2016 మార్చిలో కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల రైతులు శాశ్వత నీటి వసతి కోసం ట్రాక్టర్లు కట్టుకుని బెంగళూరు మీదికి పోయారు. తరవాత వచ్చింది నది నీరు కాదు, బెంగళూరు మురుగునీరు. హెబ్బాళ–నాగవార లోయ పథకం కింద శుద్ధి చేసిన నగరపు నీటిని చిక్కబళ్ళాపురం చెరువులకు ఎత్తి పోస్తున్నారు. కోరమంగళ–చల్లఘట్ట లోయ నీళ్ళు కోలారు మీదుగా చింతామణి చెరువుల్లో కొన్నిటికి చేరాయి. శుద్ధి రెండో దశ దగ్గరే ఆపారు, మూడో దశ చెయ్యాలని ఇక్కడివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. చెరువులు నిండాయి, బోర్లు కొంత తేరుకున్నాయి, ఆ మేలు కాదనలేం. కానీ పాలు, పూలు, టమాటా, ద్రాక్ష నగరానికి పోయి, నగరం వాడి వదిలేసిన నీళ్ళు తిరిగి రావడంలో ఎవరు ఎవరికి ఊడిగం చేస్తున్నారో తేటగా కనిపిస్తుంది. పడమటి కనుమల నుంచి 24 టీఎంసీలు తెస్తామన్న ఎత్తినహొళె మొదటి దశను 2024 సెప్టెంబరులో సకలేశపుర దగ్గర ప్రారంభించారు. సకలేశపుర నుంచి బాగేపల్లి దాకా ఎంత దూరమో పటం చూస్తే తెలుస్తుంది.

వసతుల్లో పైచెయ్యి చిక్కబళ్ళాపురానిది. జిల్లా ఆసుపత్రి, వైద్య కళాశాల, 1986 నుంచి నడుస్తున్న ఇంజనీరింగు కళాశాల, 44వ నంబరు జాతీయ రహదారి, బెంగళూరుకు రైలు. అయితే ఆ వసతులే దాన్ని బెంగళూరుకు పడకగదిని చేస్తున్నాయి. 2023 జనవరిలో ఆవలగుర్కిలో ఆదియోగి విగ్రహం ఆవిష్కరించాక శని, ఆదివారాల్లో దారి కార్లతో నిండిపోతోంది, నంది కొండకు పోయే జనం సరేసరి. సైటు కొనేది నగరవాసి, దాని ధర మోసేది ఊరివాడు. పొద్దున చీకటితో బయల్దేరి, రాత్రి పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరే మనిషికి ఆ ఊరి గాలి మంచిదైతే ఏమిటి, కాకపోతే ఏమిటి!

నన్నడిగితే చింతామణికే ఓటు. 2011 జనగణనలో జిల్లా కేంద్రం కంటే ఈ పట్టణానికే జనం ఎక్కువ. ఇది ఎవరి నీడనో పెరిగిన ఊరు కాదు. టమాటా, వేరుశనగ, పట్టు, మామిడి బేరాల మీద, సేట్ల అంగళ్ళ మీద నిలబడింది. కోలారు–చిక్కబళ్ళాపురం చిన్న రైలు దారిని బ్రాడ్‌గేజీ చేసి 2013లో తెరిచారు గానీ, ఆ రైలు లేనప్పుడూ బజారు నడిచింది. మండీలో చిట్టా రాసేవాడికి, హమాలీకి, కుట్టుమిషను పెట్టుకున్న ఆడమనిషికి ఇక్కడ ఊరు దాటకుండానే పని దొరికే అవకాశం ఉంది. తెలుగు చెల్లుతుంది, కన్నడం కూడా చెవిన పడుతుంది, కాబట్టి నేర్చుకోక తప్పదు. నీళ్ళ కష్టం ఉందిక్కడా. కానీ రోజుకు మూడు గంటలు బస్సులో పోగొట్టుకోని మనిషికి ఆ కష్టాన్ని సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. బతుకు నాణ్యతను కొలిచేవాళ్ళు ఈ వ్యవధిని ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

ఊరు ఏదైనా, సరిహద్దు దాటినవాడి వెంట రానివి కొన్ని ఉన్నాయి. మొదటిది కులం. కులం వస్తుంది, దాని కాగితమే రాదు. అనంతపురం మైదానంలో బోయలు వెనుకబడిన తరగతి, కర్ణాటకలో వాళ్ళే నాయక, వాల్మీకి పేర్లతో షెడ్యూల్డు తెగ. లంబాడీలు ఆంధ్రలో తెగ, ఇక్కడ షెడ్యూల్డు కులం. రాళ్ళు కొట్టే వడ్డెరలు అక్కడ వెనుకబడిన తరగతి, ఇక్కడ భోవి పేరుతో షెడ్యూల్డు కులం. సరిహద్దు రాయి దాటగానే మనిషి హోదా మారుతుందనుకుంటే పొరపాటు. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా వలస పోయిన రాష్ట్రంలో చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ తీర్పుకు తర్కం ఉంది, స్థానికుల వాటా తరగకూడదు. కానీ కంకర క్వారీలో పక్కపక్కన సుత్తె పట్టిన ఇద్దరు వడ్డెర్లలో, ఒకడి కొడుక్కి హాస్టలు సీటు దొరికి రెండోవాడి కొడుక్కి దొరకకపోతే ఆ తర్కం వాళ్ళకు ఎవరు విప్పి చెబుతారు? పైగా క్వారీ పని ఎలాంటిదో 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ పేలి ఆరుగురు పోయినప్పుడు అందరూ చూశారు.

రెండోది పిల్లల చదువు. 2015 చట్టం ప్రకారం కర్ణాటక బడుల్లో కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో తప్పనిసరి. ఒకటో తరగతిలో చేరిన బిడ్డకు అది వరమే, ఇంట్లో కాగితం చదివే మనిషి తయారవుతుంది. తొమ్మిదో తరగతిలో వచ్చిన పిల్లవాడి గతి వేరు. కర్ణాటక సీఈటీలో సర్కారు సీటుకు సాధారణంగా రాష్ట్రంలో ఏడేళ్ళు చదివి ఉండాలి. వేరే మినహాయింపు ఏదీ దొరక్కపోతే వాడికి అక్కడ చోటు లేదు. ఆఖరి నాలుగేళ్ళు బయట చదివాడు కాబట్టి ఆంధ్రలో స్థానికుడూ కాడు. సరిహద్దుకు అవతల ఉన్న కన్నడ మాతృభాష పిల్లలకు ‘గడినాడు కన్నడిగులు’ పేరుతో కర్ణాటక ప్రత్యేకంగా తలుపు తెరిచి ఉంచింది. మడకశిర కన్నడ పిల్లవాడు ఆ తలుపులోంచి రావచ్చు. సరిహద్దుకు ఇవతల కాపురమున్న తెలుగు పిల్లల కోసం ఆంధ్రప్రదేశ్ ఎందుకు అలా ఆలోచించలేదో అమరావతిలో అడగాల్సిన ప్రశ్న. కర్ణాటకను తప్పుపట్టే ముందు అడగాల్సిన ప్రశ్న కూడా.

బాగేపల్లి బీదరికం నోరులేనిది కాదని ఇక్కడ చెప్పుకోవాలి. 2002లో నంజుండప్ప సంఘం గుర్తించిన 114 వెనుకబడిన తాలూకాల్లో ఇదొకటి. 1994లో, 2004లో ఇక్కడి ఓటర్లు సీపీఎం అభ్యర్థి జి.వి. శ్రీరామరెడ్డిని శాసనసభకు పంపారు. పల్లెపల్లెనా కట్టిన కూలీ సంఘాలు 5,500 ఇళ్ళకు గోబర్‌గ్యాసు పొయ్యిలు తెచ్చే పథకాన్ని ఐక్యరాజ్యసమితి కార్బన్ ఒప్పందం కింద 2005లోనే నమోదు చేయించుకున్నాయి. కట్టెల పొగలో కళ్ళు పోగొట్టుకునే ఆడవాళ్ళకు అంతకంటే పెద్ద మేలు ఏ పట్టణ పథకమూ చెయ్యలేదు. అయితే ఆ సంఘాలన్నీ పల్లెలో పుట్టి పెరిగినవాళ్ళవి. బస్టాండు వెనక బాడుగ గదిలో దిగిన కుటుంబానికి ఏ సంఘమూ లేదు, కులపెద్దా లేడు, పంచాయతీ సభ్యుడూ లేడు.

2025 జులైలో నంది కొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని తీర్మానించింది. అదే రహదారి మీద ఇంకాస్త పైకి పోతే మరో భాగ్యనగరం ఉంది. రాత్రి బస్సులో నిద్రమత్తులో ఉన్నవాళ్ళు ఏ భాగ్యనగరంలో దిగాలో చూసుకోవాలి మరి. పల్లి పోయి నగర వచ్చినంత మాత్రాన పురసభ కొళాయికి నీళ్ళొచ్చే రోజులు పెరగవని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇంతకూ ఈ తాలూకాలకు కాపురమొచ్చిన ఆడబిడ్డ పరిస్థితి తెలియాలంటే బస్సెక్కి చూడాలి. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ‘శక్తి’ కింద రాష్ట్రపు ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ‘స్త్రీ శక్తి’ వచ్చింది. చిరునామా ఉన్న ఆధార్ చూపించాలి. రెండు నెలల కిందట కదిరి నుంచి బాగేపల్లికి వచ్చిన ఇల్లాలి ఆధార్‌లో ఇంకా కదిరే ఉంటుంది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి పోవాలంటే ఆమె టిక్కెట్టు కొనాలి. చిరునామా మార్చుకుంటే ఇక్కడ ఉచితం, పుట్టింటికి పోయే దారిలో కొడికొండ దాటి ఆంధ్ర బస్సెక్కితే అక్కడ టిక్కెట్టు కొనాలి. నెలకు రెండు వేల గృహలక్ష్మి కావాలంటే ఆధార్ చాలదు, కర్ణాటక రేషన్ కార్డు కావాలి. ఆ కార్డుకు దరఖాస్తు కన్నడంలో ఉంటుంది. పక్కింటావిడనే నింపిపెట్టమని అడుగుతుంది, తెలుగులో.